బండికీ మంచినీళ్లే పోయాలి!

కోనసీమలో నీళ్లకి కొదవలేదు. కానీ ఆ నీళ్లన్నీ రేడియేటర్‌కి పనికిరావు. పాత బండిని పదికాలాలు నడపాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన కూలెంట్ కథ ఇది.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాటేమో గానీ రేడియేటర్లు మాత్రం పొగలు కక్కడం ఖాయం. కోనసీమలో కాలువ గట్ల వెంట వెళుతుంటే ఆ రోజుల్లో ఈ దృశ్యం ఎక్కడో ఒకచోట కంటపడుతూనే ఉంటుంది. కొబ్బరికాయల లోడుతో బయల్దేరిన పాత లారీ రోడ్డు వారగా ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపల్నుంచి ఆవిరి బుసలు కొడుతుంటుంది. క్లీనరు డబ్బా పట్టుకుని నీళ్ల కోసం దిగుతాడు. కాలువలో నీళ్లుంటే కాలువ.. లేదంటే పక్కనే ఉన్న బోరు. ఏ నీళ్లయితేనేం, ఇంజను చల్లబడితే చాలు!

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ పూటకి బండి కదులుతుంది. కానీ ఆ డబ్బాతో పాటు లోపలికి వెళ్లిన ఉప్పూ సున్నమూ ఒండ్రూ మాత్రం ఇంజన్లోనే మకాం వేస్తాయి. వచ్చే వేసవికి మళ్లీ అదే చోట, అదే ఆవిరి. ఆ తర్వాత ఏదో ఒకరోజు హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఇంకా ముదిరితే ఇంజను పట్టేస్తుంది. కొన్ని వందల రూపాయల కూలెంట్ దగ్గర చేసిన పొదుపు వేల రూపాయల మరమ్మతుగా తిరిగొస్తుంది.

రోడ్డెక్కితేనే బతుకు

గౌతమి, వైనతేయ, వసిష్ఠ.. ఈ గోదావరి పాయల మధ్య అల్లుకున్న సీమలో పండిందేదైనా రోడ్డెక్కాల్సిందే. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి, కొత్తపేట ధాన్యం, తీరం వెంబడి రొయ్యలు, చేపలు.. అన్నిటికీ లారీలు, వ్యాన్లు, ట్రాక్టర్లే దిక్కు. వాటిలో పదిహేను ఇరవై ఏళ్లు దాటినవీ తక్కువేం కాదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్, అదే ఏడాది వీడ్కోలు తీసుకున్న మారుతీ 800, 2019 దాకా వచ్చిన టాటా సుమో.. ఇవన్నీ ఇప్పటికీ ఎవరో ఒకరి ఇంటి ముందు కొబ్బరిచెట్టు నీడన కనిపిస్తూనే ఉంటాయి.

ఇక్కడ కొండలు లేవు. ఘాట్ రోడ్లు లేవు. మరి ఇంజన్లు వేడెక్కడం ఎందుకు? రోడ్లు ఇరుకు. ఎదురుగా బండి వస్తే ఆగాలి. నిండు లోడుతో రెండో గేరులో, మూడో గేరులో మెల్లగా వెళ్లాలి. వేగంగా వెళుతుంటే ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. నత్తనడక నడిస్తే ఆ గాలి ఉండదు, ఫ్యానొక్కటే పనిచేయాలి. అంతర్వేది తీర్థానికో, జగ్గన్నతోట ప్రభల తీర్థానికో వెళ్లే వాహనాల వరుసలో ఇరుక్కుంటే శీతకాలంలోనూ టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకడం అందుకే.

మనకెందుకీ యాంటీఫ్రీజ్?

ఇంజన్లో మండే ఇంధనం నుంచి వచ్చే శక్తిలో చక్రాలను తిప్పేది కొంతే. మిగిలిందంతా వేడే. అందులో కొంత పొగగొట్టం నుంచి పోతుంది. ఇంకొంత భాగాన్ని సిలిండర్ల చుట్టూ తిరిగే నీరు మోసుకెళ్లి రేడియేటర్లో వదిలేస్తుంది. మళ్లీ చల్లబడి ఇంజన్లోకి వస్తుంది. మామూలు నీరు ఈ పనిని భేషుగ్గా చేస్తుంది. నిజం చెప్పాలంటే, వేడిని మోయడంలో నీటిని మించిన చవకైన ద్రవం లేదు.

అయితే చలిదేశాల్లో నీటితో పెద్ద చిక్కు వచ్చిపడింది. నీరు గడ్డకడితే ఉబ్బుతుంది. ఉబ్బితే ఇనుప బ్లాకునైనా చీల్చేస్తుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి తొలిరోజుల్లో రేడియేటర్లో ఆల్కహాల్ కలిపేవారు. అది వేడికి ఇట్టే ఆవిరైపోయేది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చార్లెస్ అడాల్ఫ్ వుర్ట్జ్ 1856లో తయారు చేసిన ఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం ఈ సమస్యకు విరుగుడైంది. అమెరికాలో 1927లో ‘ప్రెస్టోన్’ పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. నీళ్లలో సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అందుకే దానికి యాంటీఫ్రీజ్ అని పేరు.

మన రాష్ట్రంలో చలి అంటే లంబసింగి. అక్కడే పాదరసం సున్నా దరిదాపులకు వెళితే పత్రికల్లో వార్త. ఇక అమలాపురంలో నీరు గడ్డకట్టాలంటే ఐస్ ఫ్యాక్టరీలోనే! ‘మరి ఆ మందు మనకెందుకు.. నీళ్లు చాలవా?’ అని పాత బండ్ల యజమానులు అడిగేది ఇందుకే. ప్రశ్న సబబే. కానీ కూలెంట్ డబ్బాలో గడ్డకట్టనివ్వని గుణం ఒక్కటే లేదు. మనకు పనికొచ్చేవి మరో రెండున్నాయి.

మొదటిది, మరిగే స్థానం. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సగం సగం మిశ్రమం సుమారు 107 దాకా తట్టుకుంటుంది. రేడియేటర్ మూత 15 పౌండ్ల పీడనాన్ని పట్టి ఉంచేదైతే నీరు 120 దాకా, మిశ్రమం దాదాపు 129 దాకా మరగవు. ఎండలో, లోడులో ఈ తేడాయే మనల్ని గట్టెక్కిస్తుంది.

రెండోది, అసలైంది.. తుప్పు పట్టనివ్వని రసాయనాలు. కూలెంట్‌లో గ్లైకాల్‌తో పాటు ఇవీ కొద్ది మోతాదులో ఉంటాయి. లోహం మీద సన్నటి పొరలా పరుచుకుని దాన్ని కాపాడతాయి. గోదావరి లంకల్లో నడిచే పాత బండికి కూలెంట్ పోయడం చలి కోసం కాదు.. తుప్పు కోసం, చిలుము కోసం.

ఏ రేవు నీళ్లు పోశారో!

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కోనసీమ రాత మారింది. కాటన్ దొర తవ్వించిన కాలువలు ఊరూరికీ గోదావరి నీటిని తెచ్చాయి. పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు మీదుగా వైనతేయ పాయను దాటి మరీ ఆ నీరు రాజోలు వైపు వెళుతుంది. కాలువ నీరు తియ్యటిదే. కానీ అందులో ఒండ్రు ఉంటుంది. రేడియేటర్లోని సన్నటి గొట్టాల్లో ఆ ఒండ్రు దిగబడితే మరి కదలదు.

దీనికన్నా పెద్ద ముప్పు బోరు నీళ్లతో వస్తుంది. సముద్రం దగ్గరవుతున్నకొద్దీ.. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు వెళ్లేకొద్దీ.. చాలాచోట్ల భూగర్భజలం ఉప్పగా మారుతుంది. పైగా ఏటా దాళ్వా పంట చేతికొచ్చాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అది నడివేసవి. అంటే, ఇంజన్లు బాగా వేడెక్కే రోజుల్లోనే తియ్యటి నీరు దొరకడం కష్టమవుతుంది. డ్రైవరు చెయ్యి బోరు పంపు వైపు వెళ్లేది సరిగ్గా అప్పుడే.

‘మేం తాగే నీళ్లేగా పోస్తున్నాం’ అంటారు చాలామంది. మనిషికి పనికొచ్చిన నీరల్లా ఇంజనుకి పనికిరాదు. మన దేశ తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో క్లోరైడ్లు 250 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. వేరే నీరు దొరకని చోట 1000 దాకా సర్దుకోవచ్చు. అదే భారీ ఇంజన్ల తయారీ సంస్థ క్యాటర్‌పిల్లర్ తన ఇంజన్లలో పోసే నీటికి పెట్టుకున్న హద్దు 40 మిల్లీగ్రాములే! కాఠిన్యం విషయంలోనూ అంతే. తాగునీటికి 200, తప్పనిసరైతే 600 దాకా ఫరవాలేదు. ఆ ఇంజన్లకు మాత్రం 170 దాటకూడదు.

ఇంట్లో నీళ్లు కాచుకునే హీటర్ కాయిల్‌ని ఒకసారి గమనించండి. దానిమీద తెల్లగా గట్టిగా ఓ పెంకు కడుతుంది. సిలిండర్ల చుట్టూ జరిగేదీ అదే. ఆ సున్నపు పొర ఇనుముతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా దాటనిస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నా ఇంజను మాత్రం దుప్పటి కప్పుకుని ఎండలో కూర్చున్నట్టు ఉంటుంది. కాఠిన్యం చేసే పని ఇదైతే క్లోరైడ్లు చేసేది మరొకటి. పాత బండిలో ఇనుప బ్లాకు, రాగి, ఇత్తడి రేడియేటరు, సీసం కలిసిన టంకం, కొన్నిటిలో అల్యూమినియం హెడ్.. ఇన్ని రకాల లోహాలుంటాయి. వాటి మధ్య ఉప్పునీరు చేరితే అచ్చం బ్యాటరీలా పనిచేస్తుంది. ఒక లోహం ఇంకో లోహాన్ని తినేస్తుంది. పోయిన వేసవిలో పోసిన ఉప్పునీటి ఫలితం ఈ వేసవిలో చిల్లుగా కనిపిస్తుంది.

మరి ఏ నీరు మంచిది? మొదటి స్థానం డిస్టిల్డ్ వాటర్‌దే. బ్యాటరీ షాపుల్లో, ఆటో స్పేర్‌పార్ట్స్ దుకాణాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు అది బ్యాటరీలో పోసే నీరేనా, యాసిడ్ కాదు కదా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అది దొరక్కపోతే ఊళ్లోని ప్లాంటులో శుద్ధి చేసిన ఆర్వో నీరు కొంత నయం. దాంట్లో లవణాలు తక్కువ, పూర్తిగా లేకుండా మాత్రం పోవు. ఇంక కొబ్బరిబోండాల సీమ కదా అని ఎవరైనా సరదాపడతారేమో.. కొబ్బరినీళ్లలో చక్కెరలు, లవణాలు పుష్కలం. మనిషికి అమృతమేగానీ రేడియేటర్‌కి ససేమిరా!

రంగు చూసి మోసపోవద్దు

దుకాణానికి వెళితే పచ్చ, ఎరుపు, నీలం, నారింజ, పసుపు.. హోలీ రంగుల్లా కూలెంట్ డబ్బాలు కనిపిస్తాయి. రంగుకూ గుణానికీ సంబంధం లేదు. అది తయారీదారు కలిపే రంగు మాత్రమే. చూడాల్సింది డబ్బా మీది అక్షరాలు.

స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది ఐఏటీ. సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లలాంటి లవణాలతో పనిచేసే పాతతరం కూలెంట్ ఇది. ఎక్కువగా పచ్చరంగులో వస్తుంది. లోహం మీద త్వరగా రక్షణ పొర ఏర్పరుస్తుంది. కాకపోతే దాని బలం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. రెండోది ఓఏటీ. సేంద్రియ ఆమ్లాలతో పనిచేస్తుంది. 1990ల మధ్య నుంచి కొత్త కార్లతో పాటు ప్రచారంలోకి వచ్చింది. అయిదేళ్ల దాకా మన్నుతుంది. అల్యూమినియం ఎక్కువగా ఉండే కొత్త ఇంజన్లకు చక్కగా నప్పుతుంది. మూడోది ఈ రెండింటి కలగలుపు.. హెచ్ఓఏటీ.

‘ఎక్కువ కాలం మన్నేదే మంచిది కదా’ అనుకుని పాత అంబాసిడర్‌లో ఓఏటీ పోస్తే? దానిలోని కొన్ని ఆమ్లాలు సీసపు టంకానికీ, పాతకాలపు రబ్బరు సీళ్లకూ, గ్యాస్కెట్లకూ పడకపోవచ్చు. అందుకే రాగి, ఇత్తడి రేడియేటర్లున్న పాత బండ్లకు పాతతరం ఐఏటీయే సురక్షితమైన ఎంపిక. మారుతీ 800 లాంటి వాటికి, ఆ తర్వాతి కార్లకు కంపెనీ పుస్తకంలో ఏది రాస్తే అదే వేదం. పెద్ద డీజిల్ ఇంజన్లయితే ‘హెవీ డ్యూటీ’ అని రాసిన రకం చూసుకోవాలి. తడి లైనర్లున్న ఇంజన్లలో అదిరే లైనర్ గోడకు అంటుకుని సూక్ష్మమైన బుడగలు పుడుతూ పేలుతూ ఉంటాయి. ఆ దెబ్బలకు లైనర్‌కి సన్నటి చిల్లులు పడతాయి. దాన్ని అడ్డుకునే రసాయనాలు ఈ రకంలో అదనంగా ఉంటాయి.

డబ్బా మీద మన దేశ ప్రమాణం ఐఎస్ 5759 గానీ, జపాన్‌వారి జేఐఎస్ కె 2234 గానీ, అమెరికావారి ఏఎస్‌టీఎం డి 3306 గానీ ఉందేమో చూడండి. ఏ ప్రమాణమూ లేకుండా కేవలం ‘గ్రీన్ కూలెంట్’ అని రాసి ఉంటే అది రంగునీళ్లే కావొచ్చు. ఇంకో మాట.. రెండు రకాలనూ కలపొద్దు. కలిపితే ఒకదాని గుణం ఇంకోటి చెడగొడుతుంది. కొన్నిసార్లు జిగురులా చిక్కబడి గొట్టాలకు అడ్డం పడుతుంది కూడా.

ఎంతలో ఎంత?

డబ్బాలు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి చిక్కటి కాన్సన్‌ట్రేట్. దీంట్లో నీళ్లు మనం కలుపుకోవాలి. రెండోది ‘రెడీ టు యూజ్’. కలిపే వచ్చింది కాబట్టి అలాగే పోయాలి. రెండోదాన్ని చూసి ‘ఇంకో రెండు లీటర్ల నీళ్లు పోస్తే కలిసొస్తుంది’ అనుకుంటే కూలెంట్ పోసిన ఫలితమే దక్కదు.

పులుసులో నీళ్లు ఎక్కువైతే రుచి ఉండదు, తక్కువైతే గొంతు దిగదు. ఇదీ అంతే. కొందరు నీళ్లే కలపకుండా చిక్కటిదే పోసేస్తుంటారు. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అని వాళ్ల లెక్క. జరిగేది దీనికి తలకిందులు. గ్లైకాల్‌కి వేడిని మోసే శక్తి నీటికన్నా తక్కువ. సగం సగం మిశ్రమమే కిలోకు కిలో లెక్కన నీటికన్నా దాదాపు ఆరో వంతు తక్కువ వేడిని మోస్తుంది. చిక్కటిదే పోస్తే ఆ శక్తి ఇంకా పడిపోతుంది. అంతేకాదు.. విచిత్రంగా, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది!

కోనసీమ లాంటి వేడి ప్రాంతంలో పాత బండికి 30 నుంచి 40 శాతం కూలెంట్, మిగతాది డిస్టిల్డ్ వాటర్.. ఇది చాలు. 30 శాతం మిశ్రమమే మైనస్ 15 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కాబట్టి లంబసింగికి వెళ్లొచ్చినా భయం లేదు. తుప్పు నుంచి రక్షణా దొరుకుతుంది, వేడిని మోసే శక్తీ పెద్దగా తగ్గదు. హిమాలయాల వైపు లోడు వేసుకెళ్లే లారీ అయినా, కంపెనీ పుస్తకంలో సగం సగం అని రాసి ఉన్నా 50 శాతం పోయాలి. 30కి తగ్గితే మాత్రం తుప్పును ఆపే రసాయనాలు పలచబడిపోతాయి.

ఆ పలచబడటం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. లెక్క చూడండి. ఇంజను, రేడియేటర్ కలిపి 8 లీటర్లు పట్టే బండిలో 40 శాతం మిశ్రమం పోశారనుకుందాం. రెండు లీటర్లు కారిపోతే ఆ లోటును మామూలు నీళ్లతో నింపారు. మిశ్రమం 30 శాతానికి దిగింది. మరోసారి అలాగే చేస్తే 22.5. మూడోసారికి 17 శాతం! రంగు ఇంకా పచ్చగానే కనిపిస్తుంది. గుణం మాత్రం సగానికి పైగా పోయింది. అందుకే కలిపి ఉంచిన మిశ్రమం అయిదు లీటర్ల క్యాన్‌లో బండిలోనే పెట్టుకోవాలి. లోటు పడితే అదే పోయాలి. మిశ్రమం ఎంత శాతం ఉందో చూపించే చిన్న హైడ్రోమీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. మెకానిక్ దగ్గర ఉంటే చూపించుకోవచ్చు.

తొలిసారి మారుస్తున్నారా?

ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో నడిచిన బండిలో ఉన్నట్టుండి కూలెంట్ పోస్తే ఒక్కోసారి మర్నాడే కారడం మొదలవుతుంది. ‘కూలెంట్ వల్లే చిల్లుపడింది’ అని మళ్లీ నీళ్లకే వెళ్లిపోయేవాళ్లున్నారు. నిజానికి చిల్లు ఎప్పుడో పడింది. దాన్ని తుప్పు, పెంకు కలిసి మూసి ఉంచాయి. కొత్త ద్రవం ఆ మురికిని కదిలించేసరికి అసలు రూపం బయటపడిందంతే.

అందుకని ముందు పరీక్ష చేయించాలి. హోస్ పైపులు నొక్కి చూస్తే పగుళ్లు, ఉబ్బులు తెలుస్తాయి. వాటర్ పంపు దగ్గర చెమ్మ ఉందా? బ్లాకు పక్కన గుండ్రటి ప్లగ్గుల చుట్టూ తుప్పు చారలున్నాయా? ఇవన్నీ సరిచేశాకే కూలెంట్. ఆ తర్వాత పాత నీళ్లు పూర్తిగా వదిలేసి, మంచినీళ్లతో కడిగి, ఇంజను కాసేపు నడిపి మళ్లీ వదలాలి. వచ్చే నీరు తేటగా ఉండేదాకా ఇలా చేయాలి. చివరిసారి కడగడం డిస్టిల్డ్ వాటర్‌తో అయితే మంచిది. రేడియేటర్ గొట్టాలు మరీ పూడిపోతే పైట్యాంకు విప్పి సన్నటి ఊచలతో పూడిక తీసే పనివాళ్లుంటారు. గాఢమైన యాసిడ్ మాత్రం వద్దు. అది పెంకుతో పాటు టంకాన్నీ తినేస్తుంది.

కడిగాక బ్లాకులో కొంత నీరు మిగిలిపోతుంది. 8 లీటర్ల బండిలో అయిదు లీటర్లే బయటికొచ్చాయంటే మిగతా మూడు లోపలే ఉన్నట్టు. అందుకే ముందుగా కలిపినది పోయకుండా, 40 శాతానికి కావాల్సిన 3.2 లీటర్ల చిక్కటి కూలెంట్‌ని మొదట పోసి, పైన డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే లెక్క సరిపోతుంది. గాలి బుడగలు పోయేదాకా మూత తీసి ఇంజన్ని నెమ్మదిగా నడపాలి. ఒకటి రెండు రోజుల తర్వాత, బండి చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసుకోవాలి.

వాల్వు తీసేస్తే పోలా!

బండి వేడెక్కుతోందంటే కొందరు చేసే మొదటి పని థర్మోస్టాట్ వాల్వు పీకేయడం. ‘వేడి దేశానికి అదెందుకు’ అని వాదన. ఇంజను సుమారు 80 డిగ్రీలు దాటేదాకా రేడియేటర్లోకి నీటిని వదలకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ ఇంధనం ఎక్కువ తాగుతుంది. సిలిండర్లు తొందరగా అరుగుతాయి. బండి త్వరగా బోరుకొస్తుంది. అసలు జబ్బు పూడిపోయిన రేడియేటర్‌లో ఉంటే వాల్వు తీసినా ఎన్నాళ్లో నిలవదు. వాల్వు చెడిపోతే కొత్తది వేయించడమే దారి.

మూత విషయంలోనూ అశ్రద్ధే. పీడనం ఒక పౌండు పెరిగితే మరిగే స్థానం ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరుగుతుంది. రబ్బరు పాడైన మూత ఆ లాభమంతా పోగొడుతుంది. అలాగని పాత బండికి ఎక్కువ పీడనం మూత బిగించినా తప్పే. పాత అతుకులు ఆ ఒత్తిడి తట్టుకోలేవు. ఏ బండికి ఆ మూతే. ఇక నూర్పిళ్ల రోజుల్లో ట్రాక్టర్ల రేడియేటర్ల మీద వరి ఊక, గడ్డి నలుసులు దట్టంగా పేరుకుపోతాయి. లోపల ఎంత మంచి కూలెంట్ ఉన్నా బయట గాలి ఆడకపోతే వృథా. ఇంజను వైపు నుంచి బయటికి గాలి కొట్టి ఎప్పటికప్పుడు దులపాలి.

చెరువు గట్టు మీద కూడా..

ఇదంతా బండ్లకే పరిమితం కాదు. ఆక్వా చెరువుల గట్ల మీద పాత డీజిల్ జనరేటర్లున్నాయి. రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. కరెంటు పోయిన ఆ వేళ జనరేటరే ఏరియేటర్లను తిప్పాలి. సరిగ్గా అప్పుడే ఇంజను వేడెక్కి ఆగిపోతే? కొద్ది గంటల్లో పంటంతా తేలిపోతుంది. పక్కనే ఉందని చెరువు నీరో, బోరు నీరో పోసిన రేడియేటర్‌కి ఆ గండం ఎప్పుడూ పొంచి ఉంటుంది. చెరువు మీద లక్షలు పెట్టే రైతు జనరేటర్ కూలెంట్‌నీ మేత ఖర్చులాగే చూసుకోవాలి.

తీపి విషం

కూలెంట్ గురించి చెప్పుకోవాల్సిన చివరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. విషం కూడా. నీళ్లు కలపనిది సుమారు 100 మిల్లీలీటర్లు లోపలికి వెళితే పెద్దవాళ్ల ప్రాణానికే ముప్పు. పిల్లలకు, కుక్కలకు ఇంకా తక్కువే చాలు. మొదట మత్తుగా, తాగినట్టు ఉంటుంది. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి గూట్లో పెట్టడమంత ప్రమాదం మరోటి లేదు. పొరపాటున ఎవరైనా తాగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. దీనికి విరుగుడు మందులున్నాయి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు.

పాత కూలెంట్‌ని ఎక్కడ పారబోయాలి? మన దగ్గర చాలామంది వంచేది పక్కనున్న కాలువలోకో, బోదెలోకో. ఆ కాలువ నీరే ఊరి మంచినీటి చెరువుని నింపుతుంది. ఆ బోదె నీరే పశువులు తాగుతాయి. వాడేసిన కూలెంట్‌లో గ్లైకాల్‌తో పాటు రేడియేటర్ నుంచి కరిగిన సీసం, రాగి కూడా ఉంటాయి. అందుకే దాన్ని వెడల్పాటి పళ్లెంలోకి వదిలి, మూత బిగుతుగా ఉన్న క్యాన్‌లోకి పట్టి, పాత ఇంజనాయిల్‌తో కలపకుండా వాడేసిన ద్రవాలను సేకరించే సర్వీస్ సెంటర్‌కి అప్పగించాలి. కింద ఒలికితే ఇసుకో, రంపపు పొట్టో చల్లి ఎత్తేయాలి.

గుర్తుంచుకోండి

* దారిలో బండి వేడెక్కితే ఆపి కనీసం అరగంట ఆగండి. వేడిమీద మూత తీస్తే మరిగే నీరు మొహం మీదికి చిమ్ముతుంది. కాలిన ఇంజన్లో ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలొచ్చు.

* మరో దారి లేక బోరు నీళ్లో కాలువ నీళ్లో పోశారా? ఇల్లు చేరాక మొత్తం వదిలేసి, కడిగి, కొత్త మిశ్రమం నింపండి.

* పాతతరం కూలెంట్‌ని రెండేళ్లకోసారి మార్చండి. మార్చిన తేదీ, రకం, శాతం ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అతికించండి. మెకానిక్ మారినా లెక్క మారదు.

* ద్రవం తుప్పు రంగులోకి తిరిగినా, నూనె తెట్టు తేలినా గడువు దాకా ఆగొద్దు. నూనె తెట్టు ఉందంటే హెడ్ గ్యాస్కెట్ చూపించుకోవాల్సిందే.

* మట్టం మాటిమాటికీ తగ్గుతుంటే నింపుకుంటూ పోవడం వైద్యం కాదు. ఎక్కడ కారుతోందో వెతికించండి.

* బుల్లెట్లకు, పాత బజాజ్ ఆటోలకు, పాత ఐషర్ ట్రాక్టర్లలో కొన్నిటికి ఈ గొడవే లేదు. వాటిని చల్లబరిచేది గాలే. రెక్కల మధ్య మట్టి లేకుండా చూసుకుంటే చాలు.

కాలువలు కట్టేసే రోజు ఏటా వస్తూనే ఉంటుంది. ఈసారి ఆలోపే మీ బండి రేడియేటర్ మూత తీసి లోపలి నీళ్ల రంగు ఒకసారి చూడండి.. ఇంజను చల్లగా ఉన్నప్పుడే సుమా!